గాలికి అంకె, నీటికి మాట

'తుఫాను' మన భాషలోకి దూరం నుంచి వచ్చి స్థిరపడిన మాట. అరబ్బీలో 'తూఫాన్' అంటే సమస్తాన్నీ ముంచెత్తే జలప్రళయం. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కాలంలో సంభవించిన ప్రళయాన్ని చెప్పుకునేటప్పుడు మన ఇళ్ళలోని పెద్దలు ఇప్పటికీ ఈ మాటే వాడతారు. అరబ్బీ నుంచి పారశీకానికీ, అక్కడి నుంచి ఉర్దూకూ తెలుగుకూ చేరేసరికి దాని అర్థం కొంత మారింది. ఈనాడు తుఫాను అనగానే మనకు ముందుగా స్ఫురించేది గాలి. విరిగిపడే కొబ్బరిచెట్లు, ఎగిరిపోయే రేకులు, తెగిపడే కరెంటు తీగలు కళ్ళముందు మెదులుతాయి. మాట పుట్టినప్పుడు దానిలో ఉన్న నీరు మన మనసులో వెనక్కి జరిగింది. సముద్రతీరాన నివసించే కుటుంబాలకు ఈ మరపు ఎంత ప్రమాదకరమో చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము బందరువాళ్ళం. ఏటా అక్టోబరు, నవంబరు మాసాలు వచ్చాయంటే మా ఇళ్ళలో టీవీ వార్తలు వాతావరణంతోనే మొదలై వాతావరణంతోనే ముగుస్తాయి. ఫిలిప్పీన్స్‌లోనో జపాన్‌లోనో 'టైఫూన్' వచ్చిందని విన్నప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: టైఫూన్ వేరు, మన తుఫాను వేరా?

రెండూ ఒకటే. వెచ్చని సముద్రం మీద పుట్టి, సుడి తిరుగుతూ నడిచే ఈ గాలివాన పసిఫిక్ మహాసముద్రపు వాయవ్య భాగంలో టైఫూన్ అనిపించుకుంటుంది. అట్లాంటిక్‌లోనూ, అమెరికాకు పడమటనున్న పసిఫిక్‌లోనూ దానినే హరికేన్ అంటారు. మన హిందూ మహాసముద్రంలో సైక్లోన్ అంటారు. సైక్లోన్ అన్న మాటను పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ సృష్టించాడు. ఇక టైఫూన్ అన్న ఇంగ్లీషు మాట వెనుక మన 'తూఫాన్', గ్రీకుల మాట ఒకటి, చైనావారి మాట మరొకటి కలిసిపోయి ఉన్నాయని భాషాపండితులు చెబుతారు. నావికుల నోట సముద్రాలు దాటిన మాట అది.

ఈ పేర్ల తేడా ఎంత పైపైదో చెప్పడానికి 1989 నాటి ఒక్క ఉదాహరణ చాలు. ఆ ఏడాది నవంబరు మొదటి రోజుల్లో థాయ్‌లాండ్ సింధుశాఖలో 'గే' అనే తుఫాను పుట్టింది. అది అక్కడ టైఫూన్. 3వ తేదీన సీక్రెస్ట్ అనే చమురు అన్వేషణ నౌకను తలకిందులు చేసింది. అందులో 91 మంది మరణించారు. మరునాడు థాయ్‌లాండ్‌లోని చుంఫోన్ ప్రాంతాన్ని ధ్వంసం చేసి, సన్నని భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలో దిగింది. అక్కడి నుంచి దాని జాతి పేరు సైక్లోన్. కొద్ది రోజుల్లోనే మరింత బలం పుంజుకుని మన నెల్లూరు జిల్లాలోని కావలి సమీపంలో తీరం దాటింది. కావలి తుఫాను అని మనవాళ్ళు చెప్పుకునేది దానినే. ఒకే గాలి, రెండు సముద్రాలు, రెండు పేర్లు. కనుక దూరదేశపు టైఫూన్ అనుభవం మనకు సంబంధం లేనిదని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఇది ఎలా పుడుతుందో క్లుప్తంగా చెప్పుకుందాం. సముద్రపు పై నీరు దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించి వెచ్చగా ఉండాలి. ఆ వెచ్చదనం కొంత లోతు వరకూ ఉండాలి. నీరు ఆవిరై పైకి లేచి, చల్లబడి, మేఘంగా మారేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది. తుఫానుకు ఇంధనం ఆ వేడే. గాలి పైకి లేచినచోట కింద పీడనం తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి చుట్టుపక్కల గాలి పరుగెత్తి వస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతుండటం వల్ల ఆ గాలి తిన్నగా రాలేక పక్కకు ఒరిగి సుడి తిరుగుతుంది. మన ఉత్తరార్ధగోళంలో ఆ సుడి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరగా ఉన్నచోట గాలిని పక్కకు తిప్పే ఈ ప్రభావం చాలదు గనుక అక్కడ తుఫానులు పుట్టడం అరుదు. నేలమీదికి చేరగానే వెచ్చని నీరు అందక తుఫాను నీరసిస్తుంది.

బలపడిన తుఫాను నడుమ 'కన్ను' ఉంటుంది. అక్కడ గాలి దాదాపు ఆగిపోతుంది, ఒక్కోసారి ఆకాశం కూడా కనిపిస్తుంది. ఆ కన్ను మన ఊరిమీదుగా వెళ్తే గండం గడిచిందనిపిస్తుంది. కొద్దిసేపటికే వెనుక సగం వచ్చి మీదపడుతుంది. ఈసారి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో వీస్తుంది. కాబట్టి గాలి ఆగిన వెంటనే వాకిట్లోకి వెళ్ళకూడదు. తుఫాను పూర్తిగా దాటిపోయిందని అధికారులు చెప్పాకే బయటికి రావాలి.

ఇక తరగతుల సంగతి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం అన్నవి మనం రేడియో కాలం నుంచి వింటున్న మాటలే. మన వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే అది తుఫాను. అప్పుడే దానికి పేరు పెడతారు. 89 కిలోమీటర్లకు చేరితే తీవ్ర తుఫాను. 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. ఆపైన మరో మెట్టు ఉంది. సుమారు 222 దాటితే అది సూపర్ సైక్లోన్. పసిఫిక్ వాయవ్య భాగానికి జపాన్ వాతావరణ సంస్థ ప్రాంతీయ కేంద్రం. అక్కడ కూడా 62, 89, 118 అన్న మెట్లే ఉన్నాయి. 118 దాటినదానిని టైఫూన్ అంటారు. అమెరికా సైనిక కేంద్రం గాలి వేగం గంటకు 240 కిలోమీటర్లు దాటినదానిని సూపర్ టైఫూన్ అంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గాలి ఒకే వేగంతో వీయదు, హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. కనుక కొంతసేపటి సగటును లెక్కలోకి తీసుకుంటారు. జపాన్‌వారు 10 నిమిషాల సగటు తీసుకుంటారు, మనవారు 3 నిమిషాలది, అమెరికావారు ఒక్క నిమిషానిది. సగటు కాలం తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. ఒకే తుఫానుకు ఒక ఛానెల్‌లో ఒక వేగం, మరొక ఛానెల్‌లో వేరొక వేగం వినిపించడానికి ఇదే ముఖ్యకారణం. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోకూడదు. ఇంకొక విషయం. గాలి వేగం రెట్టింపైతే అది గోడమీద చూపే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. 60 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న పైకప్పు 120 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటుందని చెప్పలేము.

ఈ తరగతులు ఉపయోగకరమైనవే. అయితే ఇవన్నీ గాలికి వేసిన తరగతులు. నీరు ఎంత ఎత్తున వస్తుందో, ఎంత దూరం వస్తుందో వీటిలో ఉండదు. ఈ సంగతి ఎంతటి మూల్యానికి తెలియవచ్చిందో ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ నగరం చెబుతుంది.

2013 నవంబరు 8వ తేదీ తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు హైయాన్ అనే టైఫూన్ సమర్ ద్వీపంలోని గుయువాన్ వద్ద తీరాన్ని తాకింది. ఫిలిప్పీన్స్‌వారు తమ లెక్కలో దానికి యోలాండా అని పేరు పెట్టుకున్నారు. జపాన్ సంస్థ లెక్కలో దాని గాలి వేగం గంటకు 230 కిలోమీటర్లు, అమెరికా కేంద్రం లెక్కలో 315. నడిబొడ్డున పీడనం 895 హెక్టోపాస్కళ్ళకు పడిపోయింది. తీరాన్ని తాకిన తుఫానులలో అంతటి బలమైనవి చాలా తక్కువ. కొద్ది గంటల్లోనే పక్కనున్న లేటే ద్వీపపు ముఖ్యపట్టణం టక్లోబాన్‌లోకి సముద్రం వచ్చేసింది. 5, 6 మీటర్ల ఎత్తున, అంటే రెండో అంతస్తును తాకే ఎత్తున నీరు వచ్చింది. పెద్ద పెద్ద ఓడలు ఇళ్ళమీదికి వచ్చి పడ్డాయి. ఆ దేశంలో అధికారిక లెక్కల ప్రకారమే 6,300 మంది మరణించారు. వారిలో అత్యధికులను బలిగొన్నది నీరు.

అక్కడ హెచ్చరిక లేక కాదు. దేశమంతటా దాదాపు 8 లక్షల మందిని ముందే తరలించారు. అప్పట్లో ఉన్న అత్యున్నత సంకేతమైన 4వ నంబరును ఎగరవేశారు. ప్రభుత్వ హెచ్చరికల్లో 'స్టార్మ్ సర్జ్' అన్న మాట కూడా ఉంది. ఆ ఇంగ్లీషు మాట అక్కడి సామాన్యులకు అర్థం కాలేదు. తుఫానులు వారికి కొత్త కావు. ఏడాదికి ఎన్నో చూస్తారు, 'బగ్యో' అని పిలుస్తారు. సంకేతం పెద్దదంటే గాలి పెద్దదని వారు గ్రహించారు. గట్టి గోడలున్న ఇల్లు చాలునని అనుకున్నవారున్నారు. ఇంటి కాపలాకు మగవారు ఉండిపోయి, ఆడవారినీ పిల్లలనూ మాత్రమే పంపిన కుటుంబాలున్నాయి. సునామీ వస్తుందని చెప్పి ఉంటే పరుగెత్తి ఉండేవాళ్ళమని తర్వాత ఎందరో వాపోయారు.

వెళ్ళినవారిలోనూ కొందరు దక్కలేదు. శిబిరాలుగా ఎంచుకున్న భవనాల్లో కొన్ని గాలికి నిలిచేవే గాని, సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్నాయి. నీరు వాటిలోకే వచ్చింది. ఇల్లు విడిచిపెట్టడం ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తుకు చేరామన్నదీ అంతే ముఖ్యమని ఆ ఉదయం నిరూపించింది.

మరింత బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. ఆ తీరానికి ఇది మొదటిసారి కాదు. 1897 అక్టోబరులో ఇదే సమర్, లేటే ద్వీపాలను ఇలాంటి తుఫానే తాకింది, సముద్రం ఇలాగే ఊళ్ళమీదికి వచ్చింది. మనీలా వేధశాలకు చెందిన హోసే అల్గే అనే పండితుడు ఆ విపత్తును పరిశీలించి గ్రంథం కూడా రాశాడు. గ్రంథాలయాల్లో ఆ పుస్తకం మిగిలింది. ఇళ్ళలో మాత్రం ఆ జ్ఞాపకం మిగలలేదు. నూరేళ్ళు గడిచేసరికి మునిమనవలకు చెప్పేవారు లేకపోయారు.

నీరు ఇలా ఎందుకు వస్తుంది? ఎడతెగని గాలి సముద్రపు పై నీటిని తీరం వైపు నెడుతూ వస్తుంది. లోతైన సముద్రంలో ఆ నీరు అడుగునుంచి వెనక్కి పోగలదు. తీరం దగ్గర సముద్రపు అడుగు మెరకగా ఉంటే పోవడానికి దారి ఉండదు, నీరు కుప్పపడి నేలమీదికి ఎక్కుతుంది. పీడనం తగ్గినందువల్ల కూడా నీరు కొంత ఉబుకుతుంది. ఒక్కో హెక్టోపాస్కల్ తగ్గుదలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున లెక్కిస్తారు. హైయాన్ విషయంలో అదే ఒక మీటరు దాటుతుంది. మిగిలినదంతా గాలి నెట్టినది. టక్లోబాన్ ఉన్న శాన్ పెద్రో అఖాతం రెండు ద్వీపాల నడుమ గరాటులా ఇరుకై, లోతు తక్కువై ఉంటుంది. వచ్చిన నీరు పక్కలకు పోలేక పైకే లేచింది. అదే సమయానికి సముద్రపు పోటు కూడా ఉంటే ఎత్తు ఇంకా పెరుగుతుంది. పైన అలలు వేరు. ఒక ఘనమీటరు సముద్రపు నీరు ఒక టన్నుకు పైగా తూగుతుంది. అటువంటి నీరు వేగంగా వచ్చినప్పుడు మోకాలి లోతులోనే మనిషి నిలువలేడు.

తుఫాను నడిచే దారికి కుడిపక్క ఎక్కువ ప్రమాదం. సుడిగాలి వేగానికి తుఫాను నడక కూడా అక్కడ తోడవుతుంది. మన తీరానికి తూర్పు నుంచి వచ్చే తుఫానుకు కుడిపక్క అంటే ఉత్తరం. కన్నుకు ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, దక్షిణాన నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. కనుక ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుందని విన్నప్పుడు, ఆ ఊరికి ఉత్తరాన ఉన్నవారు తమకేమీ కాదని అనుకోకూడదు. 1977 నవంబరు 19న తుఫాను నిజాంపట్నం, చీరాల వైపు తీరం దాటితే, ఉప్పెన విరుచుకుపడింది దానికి ఎగువనున్న దివిసీమ మీద. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. మా బందరుకు ఇంకా పాత గాయం ఒకటుంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించారు. కృష్ణా, గోదావరి డెల్టాల నేల పల్లం. ఎదుట సముద్రం మెరక. శాన్ పెద్రో అఖాతంలో జరిగినది ఇక్కడా జరగగలదు, జరిగింది కూడా.

అయితే టక్లోబాన్ ప్రజలకు లేని వసతి ఒకటి మనకు ఉంది. అదే 'ఉప్పెన' అన్న మాట. ఈ మాట వినగానే కోస్తా తెలుగువాడికి గాలి గుర్తుకు రాదు, నీరే గుర్తుకు వస్తుంది. కొత్తగా నేర్పనక్కరలేని మాట. ఎందరి ప్రాణాలో పోగా మిగిలిన మాట.

దీని విలువ మేము మా ఇంట్లోనే చూశాము. హైయాన్ దృశ్యాలు టీవీలో చూసి రెండు వారాలైనా గడవకముందే, 2013 నవంబరు 22న హెలెన్ తుఫాను మా బందరుకు సమీపంలో తీరం దాటింది. ఇంటి ముందు పడిన కొమ్మలు ఏరుకుంటుండగానే లెహర్ వస్తోందన్నారు. అది అప్పటికే అతి తీవ్ర తుఫాను. గాలి వేగం ఇంత, దూరం ఇంత అని వార్తల్లో అంకెలు వస్తున్నాయి. ఇంట్లో ఎవరూ కదలలేదు. హెలెన్‌ను తట్టుకున్న ఇల్లే కదా అని పెద్దలు, పైన ఎండ కాస్తోంది కదా అని పిల్లలు. దాదీకి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఇంట్లో కాలాన్ని ఆమె 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తర్వాత' అనే లెక్కించేవారు. వార్తలన్నీ విని ఆమె ఒక్కటే అడిగారు: "పానీ ఆతా క్యా?" నీళ్ళొస్తాయా అని. ఉప్పెన హెచ్చరిక కూడా ఉందని చెప్పగానే లేచి తన మూట సర్దుకున్నారు. గాలి ఎంత అని ఆమె ఒక్కసారీ అడగలేదు.

ఆమెను ఆపినది మరొక సంగతి. శిబిరంలో పరాయి మగవారి నడుమ ఎలా ఉండటం, వుజూకు నీళ్ళెక్కడ, మరుగుదొడ్డి మాటేమిటి అని అడిగారు. ఇవి చిన్న ప్రశ్నలు కావు. మా వీధి ఆడవారందరి మనసులోనూ ఉన్న ప్రశ్నలే. వీధి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఊరి లోపలి వైపున్న ఒక రెండంతస్తుల పాఠశాలలో పై గదులు రెండు ఆడవారికి కేటాయించారు. వాటికి దగ్గరలోని మరుగుదొడ్డి వారికే విడిచిపెట్టారు. మస్జిద్ మైకులో విషయం చెప్పారు. ఏ ఇంటివారూ తమ ఆడవారిని ఒంటరిగా పంపలేదు. వీధి వీధంతా కలిసి వెళ్ళింది. దాదీని ఇద్దరు కుర్రవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించారు.

ఈ ఏర్పాట్లు ఎందుకు అవసరమో బంగ్లాదేశ్ చరిత్ర చెబుతుంది. 1991 ఏప్రిల్ 29న చిట్టగాంగ్ తీరాన్ని తాకిన తుఫానులో సుమారు 1,38,000 మంది మరణించారు. వారిలో ఆడవారి సంఖ్య మగవారి కంటే చాలా ఎక్కువ. ఇంటి పెద్ద వచ్చి వెళ్దామనేదాకా ఎదురుచూసినవారు, శిబిరంలో మరుగు ఉండదని వెనుకాడినవారు, పిల్లలను చంకనెత్తుకుని పరుగెత్తలేకపోయినవారు వారిలో ఉన్నారు. ఆ తర్వాత ఆ దేశం శిబిరాలను పెంచింది, ఆడవారికి వేరుగా గదులు ఏర్పరచింది, ఊరూరా స్వచ్ఛంద సేవకులతో పాటు సేవికలను కూడా తయారు చేసుకుంది. 2007లో వచ్చిన సిద్ర్ కూడా భీకరమైనదే. అందులోనూ మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1991తో పోల్చితే ఆ తేడా ఎంతటిదో తెలుస్తుంది. పరదా పాటించే ఇంటి గౌరవమూ ప్రాణరక్షణా ఒకదానికొకటి అడ్డు కావని, ముందుగా ఆలోచిస్తే రెండూ నిలుస్తాయని దీనినుంచి మేము గ్రహించాము.

లెహర్ కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. నడిసముద్రంలో పొడిగాలి చొరబడి, పై గాలులు అనుకూలించక, ఆ తుఫాను చప్పున నీరసించింది. నవంబరు 28న వాయుగుండంగా మారి బందరు సమీపంలోనే తీరం దాటింది. వాన పడింది, అంతే. మరునాడు ఇళ్ళకు తిరిగివస్తుంటే వీధి చివర కొందరు నవ్వారు. అనవసరంగా ముసలివారిని తిప్పారని ఒకరు, పని పోగొట్టుకున్నామని మరొకరు అన్నారు. దినకూలీకి ఆ నష్టం నిజమైనదే. దాదీ మాత్రం గడప దగ్గర ఆగి 'అల్హమ్‌దులిల్లాహ్' అని లోపలికి వెళ్ళారు. ఇల్లు పొడిగా ఉన్నందుకు ఆమెకు ఏ లోటూ కనిపించలేదు.

ఆ నవ్వును మేము తేలికగా తీసుకోలేము. నాలుగుసార్లు వెళ్ళి ఊరికే తిరిగివచ్చినవారు అయిదోసారి కదలరు. టక్లోబాన్‌లో కూడా ఎన్నో తుఫానులను ఇంట్లోనే దాటించినవారు ఈసారీ అలాగే దాటుతుందనుకున్నారు. తుఫాను దారినీ బలాన్నీ ఒక్కరోజు ముందు కూడా ముమ్మాటికీ ఇదేనని చెప్పడం సాధ్యం కాదు. శాస్త్రం చెప్పగలిగినది ప్రమాదం ఉందని. ఆ ప్రమాదం తప్పిపోతే అది శాస్త్రం ఓడినట్టు కాదు, మనం వెళ్ళడం వృథా అయినట్టూ కాదు. హైయాన్‌కు నెల ముందు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ అనే పెను తుఫాను ఒడిశాలోని గోపాలపురం వద్ద తీరం దాటింది. ఒడిశాలోనూ మన ఉత్తరాంధ్రలోనూ కలిపి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. 1999లో ఒడిశాలో దాదాపు పదివేల మందిని బలిగొన్న తుఫానుతో పోల్చదగిన ఆ ఫైలిన్‌లో మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి.

దైవం మీద భారం వేయడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని మన ఇళ్ళలో పెద్దలు నేర్పుతూనే వచ్చారు. చేయవలసినది చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు వదలాలి. తుఫాను విషయంలో చేయవలసినదేమిటో ఎండ కాస్తున్న రోజునే కుటుంబమంతా కూర్చుని నిర్ణయించుకోవాలని మా విన్నపం.

ముందుగా మన ఇల్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో తెలుసుకోవాలి. గ్రామ సచివాలయంలోనో పాఠశాల ఉపాధ్యాయులనో అడిగితే చెబుతారు. హెచ్చరికలో గాలి అంకెతో ఆగిపోకుండా ఉప్పెన ఎన్ని మీటర్లని చెప్పారో వినాలి. వాతావరణ శాఖ, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఆ అంచనాలను ఇస్తాయి. ఆ ఎత్తు మామూలు పోటుకు అదనమని గుర్తుంచుకోవాలి. తర్వాత, వెళ్ళవలసిన చోటును ఎంచుకోవాలి. అది గట్టిగా ఉండటంతో పాటు ఎత్తుగా, సముద్రానికి దూరంగా ఉందా అని చూడాలి. నడవలేనివారిని ఎవరు తీసుకువెళ్తారో పేరుపేరునా అనుకోవాలి. గర్భిణులు, పసిపిల్లల తల్లులు ముందు వెళ్ళాలి. ఇంటి మగవారు దూరాన, గల్ఫ్‌లోనో మరోచోటనో ఉంటే, వెళ్దామని చెప్పే అధికారం ఇంట్లో ఉన్న ఆడవారికి ముందే ఇచ్చి ఉంచాలి. ఆ సమయానికి ఫోన్లు పలకకపోవచ్చు.

కాగితాలు, మందులు, తాగునీరు, టార్చిలైటు, రేడియో ఒక సంచిలో ఉండాలి. గాలి మొదలైన తర్వాత దారులు మూసుకుపోతాయి కనుక వెలుతురు ఉండగానే బయలుదేరాలి. తిరిగివచ్చాక తెగిన తీగలను తాకకూడదు. ఉప్పునీరు చేరిన బావి నీటిని పరీక్ష చేయించకుండా తాగకూడదు. కరెంటు లేదని జనరేటరును ఇంటి లోపల నడపకూడదు, దాని పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూలల్లో, సామాను కింద పాములు చేరి ఉండవచ్చు.

వీటన్నిటికంటే ముందు పిల్లలకు 'ఉప్పెన' అన్న మాట నేర్పాలి. ఈనాటి పిల్లలలో చాలామందికి అది సినిమా పేరుగానే తెలుసు. 1977ను కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఏటేటా తగ్గిపోతున్నారు. మా దాదీ కూడా ఇప్పుడు లేరు. వారి నోటి నుంచి విన్నవారు చెప్పకపోతే ఇంకొక తరానికి ఆ జ్ఞాపకం పుస్తకాల్లోనే మిగులుతుంది. మీ ఇంట్లో ఆనాటివారు ఎవరైనా ఉంటే పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. నీరు ఎటునుంచి వచ్చింది, ఎంత సేపట్లో వచ్చింది, ఎవరు ఏ మెరక మీదికి చేరి బతికారు అని అడిగి తెలుసుకోమనండి. తర్వాత ఆ పిల్లల చేతనే, మన వీధిలో అంతటి మెరక ఎక్కడుందో చూపించమనండి.